జీపు కింద నల్ల పూత

అమ్మా,

నా చేతులు కాలిపోలేదు. కాలిపోయేయని సంతలో నీకు చెప్పినోళ్లు చూసిన ఆ నలుపు తారుది, కొబ్బరినూనె రాస్తే పోతాది. మనూర్లో ఫోను పలకదు, అందుకే కార్డు రాస్తన్నాను.

షెడ్డులో పాత జీపుల కింద గట్టిపడిపోయిన తారు పూత ఊడగొట్టే పని నాది. మంటతో కాస్తే జిగురైపోయి చేతికే అంటుకుంటాది. అందుకని ఈ అరకు చలికి రాత్రంతా బయట వదిలేసి, ఎండ రాకముందే సుత్తితో కొడతన్నాం. పెంకుల్లా రాలిపోతాది.

నిన్న ఒక జీపుకి అలాగే కొడితే సుత్తి ఛాసీలోకి దిగిపోయింది. లోపలంతా తుప్పే. అది కనపడకుండా పైన మందంగా తారు పూసి అమ్మేసేడు. అమ్మినోడు మనకి జీపు అమ్మినోడే.

ఈ కార్డు చెల్లి చేత అయ్య ఎదురుగానే చదివించు. జీపు కింద నల్లగా నిగనిగలాడతందని మురిసిపోయేడు కదా, అక్కడ గట్టిగా ఒక దెబ్బ కొట్టమను. టంగుమంటే సరే. దిగిపోతే నేనొచ్చేదాకా జీపు తియ్యొద్దు.

చోళ్లు నూర్చేరా? నీ మోకాలు ఎలాగుంది? నా స్వెట్టరు బేగి పంపించు. అందరికీ దండాలు.

అయ్య తిడితే తిట్టనీ. సంత రోజున ఘాటీ రోడ్డులో మన జీపు టాపు మీద కూడా మనోళ్లే కూర్చుంటారు.

నీ కొడుకు
ఫల్గుణ