కుడికంటికి తగిలినది దెబ్బే గాని పాత రోగం కాదని

కార్మిక సంక్షేమాధికారి గారికి, కలప కర్మాగారం నాలుగో షెడ్డులో పద్నాలుగేళ్లు రంపపు మిషన్ నడిపిన కార్మికుడు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కంటిజబ్బు దాచితినని నన్ను పనినుండి తొలగించిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి.

1. గత వేసవిలో మిషన్ వద్ద చెక్కముక్క ఎగిరివచ్చి నా కుడికంటికి తగిలినది. సూపర్‌వైజర్ గారు చూసి, "రక్తం రాలేదుగా, నీళ్లు కొట్టుకుని రా" అన్నారు. కొట్టుకుని వచ్చి సాయంత్రం దాకా పనిచేసితిని. ప్రమాదాల పుస్తకంలో ఎవరూ రాయలేదు.

2. మూడు వారాలకు చూపు మసకబారినది. కర్మాగారం డాక్టరు గారు కంటిలో ప్రెషర్ హెచ్చినదని, చీటీపై నీటికాసుల జబ్బు అని రాసి చుక్కలమందు ఇచ్చిరి. నాలుగు నెలలు వేసుకొంటిని. ప్రెషర్ దిగలేదు. ముక్కు వైపు పైనుండి నల్లటి తెర దిగుచున్నదని మూడుసార్లు విన్నవించితిని. "ప్రెషర్ ఉంటే అంతేనయ్యా, చుక్కలు మానకు" అన్నారు. మానలేదు.

3. ఒకనాడు నా భార్య కుడిపక్క నుండి మంచినీళ్ల గ్లాసు అందిస్తే నాకు కనబడలేదు. ఆ పూటే ఆమె నన్ను పెద్దాసుపత్రికి లాక్కుపోయినది. అక్కడి డాక్టరమ్మ గారు కంటిపాప పెద్దదయ్యే మందు వేసి లోపలికి చూసి, "ఎప్పుడైనా కంటికి దెబ్బ తగిలిందా?" అని అడిగారు. అన్ని నెలల్లో ఆ మాట అడిగినది ఆమె ఒక్కరే. దెబ్బకు కంటి వెనుక పొర అంచున చిరిగి ఊడినదనియు, దాని నుండి రాలిన నలుసులు కంటిలోని నీరు బయటకు పోవు దారికి అడ్డుపడి ప్రెషర్ పెరిగినదనియు చెప్పిరి. ఆపరేషన్ చేసి పొర అతికించిన వారానికే, చుక్కలు లేకుండానే, ప్రెషర్ దిగినది. చూపు రాలేదు. "ముందే వచ్చుంటే..." అని ఆమె ఆగిపోయారు. ముందే వెళ్లానండి. నెలనెలా వెళ్లాను. వేరే గుమ్మానికి వెళ్లాను, అంతే.

4. ఇప్పుడు కర్మాగారం వారు తమ డాక్టరు గారి ఆ పాత చీటీ చూపించి, ఇది మొదటినుంచీ ఉన్న జబ్బు, నేను దాచితిని అని ఉత్తర్వు ఇచ్చి నోటీసు బోర్డుకు అంటించిరి. కన్ను పోయింది, సరే. పద్నాలుగేళ్లు కలిసి పనిచేసినవాళ్లు నన్ను అబద్ధాలకోరని చదువుకుంటున్నారు.

కావున తమరు ఆపరేషన్ కాగితములు పరిశీలించి, రోగము అన్నచోట దెబ్బ అని దిద్దించి, ఒంటికంటితో చేయదగిన ఏదేని పని ఇప్పింపగలందులకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో షెడ్డు మాజీ కార్మికుడు

మరొక మాట: ఆ మిషన్ మీద ఇప్పుడు నా బావమరిదిని పెట్టారు. ముక్కలు ఎగిరి రాకుండా ఉండాల్సిన అడ్డురేకు ఇప్పటికీ లేదు. అడిగితే తననీ తీసేస్తారని వాడు నోరెత్తడం లేదు. నా అర్జీ పక్కన పడేసినా ఏమీ అనుకోనండి. ముందు ఆ రేకు బిగించమనండి. ఈరోజే.