రాజా అని పిలిస్తే

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. కోపానికి రాకు, పోయిన వారం రాజాను అమ్మేసినం. సదర్ పండుగకు నువ్వు నూనె రాసి, పూలదండలేసి ఆడించిన దున్న అది. నువ్వు పోయినంక దాన్ని పట్టుకునేటోళ్లు ఇంట్ల ఎవ్వరు లేరు.

నీ కంప్యూటర్‌కు గూడ ఆ పేరే పెట్టినవు గద. దున్ననే లేనప్పుడు పేరెందుకని, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, నెట్‌ల చూసుకుంట మార్చిన. నువ్వున్నన్ని దినాలు "చెల్లే, ముట్టకు, ఖరాబైతది" అంటివి. ఇగ నీ కంప్యూటర్ నడిపే లినక్స్ నేర్చుకునుడు గిట్లనే ఉంటది. అప్పటి సంది సుడో అనే కమాండ్ కొట్టినప్పుడల్లా, ఈ హోస్ట్, అంటే ఈ పేరున్న కంప్యూటర్, ఎవరో తెల్వదని ఒకటే లొల్లి. రెండు రోజులు తిప్పలు పడ్డంక సమజైంది. పేరు రెండు ఫైళ్లల్ల ఉంటదంట, నేను ఒక్కదాంట్లనే మార్చిన. రెండోదాంట్ల రాజా అట్లనే ఉన్నడు.

చెరుపుదామని కర్సర్ పెట్టిన గని చెయ్యి రాలె. మొదటి ఫైల్‌లనే మళ్ల రాజా అని రాసిన. రాజా పేరు మీద, ఉన్నవా అని అడిగే పింగ్ కమాండ్ కొడితే వెంటనే జవాబొచ్చింది.

గౌలిపురల మన కొట్టం ఖాళీగుంది అన్నా. ఇంట్ల రాజా అని నేను పిలిస్తే పలికేది ఇప్పుడు నీ కంప్యూటరొక్కటే.

నీ చెల్లె