తీసిన కంప

గండికోట దగ్గర నుంచి,
ఆదివారం

మాబున్నక్కకు, నీ తమ్ముడు దస్తగిరి సలాములు చెప్పుకొని రాస్తున్న సంగతులు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావా, రేష్మా, మీ అత్తమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? రేష్మకు ముందు పళ్లు వచ్చాయా, ఇంకా నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోందా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుతావు. ఫోన్ చేస్తే నీ పక్కన ఎప్పుడూ నలుగురుంటారు, మన మాట ఇంటిల్లిపాదికీ వినబడుతుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. చదివాక బావకు చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.

ముందు నా పని సంగతి. సైకిల్ యాత్రలు నడిపే ఈ ఆఫీసులో చేరి మూడు నెలలు దాటింది. పత్తికొండలో పంక్చర్లు వేసిన చేతులే ఇప్పుడు గేర్ల సైకిళ్లు విప్పి బిగిస్తున్నాయి. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ మనుషులు వస్తారు. కారూ లారీ కనబడని దారుల్లో కొండలెక్కి దిగుతూ నాలుగు రోజులు తొక్కి, మహానంది చేరి, గుండంలో మునిగి ఇళ్లకు పోతారు. మన నాయన సైకిల్ వెనక దూది మూటలు కట్టుకుని ఊరూరా తిరిగాడు కదా. వీళ్ల వెనక ఏ మూటా ఉండదు, పోయే చోట ఏ పనీ ఉండదు. మొదటి వారంలో ఒకాయన్ను అడిగేశాను కూడా, "ఏం అమ్మేదానికి పోతాండారు సార్?" అని. ఆయన సైకిల్ ఆపి మరీ నవ్వాడు.

నా పని అందరికంటే వెనక రావడం. ఎవరి గొలుసు తెగినా, ఎవరి పిక్క పట్టేసినా నేను ఆగాలి. దారి బాగుంటుంది అక్కా, అబద్ధం ఎందుకు. పొద్దున్నే ఎర్రమల కొండల్లో మన చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె చెయ్యమంటే మాత్రం వంటాయన, "టూరిస్టులు తినరప్పా" అని చపాతీలే పడేస్తాడు. సాయంత్రమైతే ఎవరి ఫోన్ వాళ్లది, నాతో మాట్లాడే మనిషి ఉండడు. పెన్న లోయలోంచి చలిగాలి కోస్తోంది. నా పాత స్వెట్టర్ ట్రంకుపెట్టెలో ఉంటే ఎవరితోనైనా పంపు. రెండు గుప్పెళ్లు శనక్కాయల పొడి కూడా... కాదులే, ఏవీ పంపొద్దు. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. ఎందుకో చెబుతాను.

రెండో రోజు మేం పోయే దారి ఒక పాత బండ్ల బాట. అది ఓబులమ్మ అనే పెద్దావిడ కంది చేని మధ్యగా పోతుంది. చేని చుట్టూ కంచె. బాట చేనిలోకి వచ్చే చోటా, బయటికి పోయే చోటా అడ్డంగా తుమ్మకంప వేసి ఉంటుంది. పోయేవాళ్లు దాన్ని పక్కకు లాగి, దాటి, మళ్లీ అడ్డం వేసి పోవాలి. ఇది నీకూ నాకూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నడకతో పాటే వచ్చింది. పట్నం వాళ్లకు తెలియదు గనక అది నా వంతు. తీసేదీ నేనే, వేసేదీ నేనే.

మేం వచ్చే రోజు ఓబులమ్మ చెట్టు కింద కుండలో మజ్జిగ పెట్టి ఉంచేది. "యాడ పుట్టినారో, యాడికి పోతాండారో, ఇంత తాగి పోండప్పా" అనేది. ఆమె చిన్న కోడలు సుజాత గ్లాసులు కడిగి అందించేది. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడేది కాదు.

చేను దాటగానే పెద్ద దిగుడు. కొండ కింది వరకూ పెడలు తొక్కే పనే లేదు. నేను కంప వేసి వచ్చేసరికి ఎప్పుడూ అందరూ దిగిపోయి ఉంటారు. ఐదు వారాల కిందట ఒక రోజు, వాళ్లు కేకలు వేసుకుంటూ దిగుతుంటే నాకూ కలిసి దిగాలని బుద్ధి పుట్టింది. కంప వైపు చూశాను అక్కా. మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. చూసి, సైకిల్ ఎక్కాను. బ్రేకు పట్టకుండా దిగాను. చిన్నపిల్లాడిలా అరిచాను. బుద్ధెరిగిన నాటి నుంచి అంత సంతోషం నేను ఎరగను. ఇప్పుడు దాన్ని తలచుకుంటేనే సిగ్గేస్తోంది.

మరుసటి వారం పోతే చెట్టు కింద కుండ లేదు. సగం చేనిలో మోళ్లే మిగిలాయి.

"కొండ మింద మేసే ఆవులు పడినాయప్పా. కాయ పట్టిన చేను. రేపో మాపో కోద్దామనుకుంటిమి" అంది ఓబులమ్మ.

"ఎట్ల పడినాయమ్మా?" అని అడిగాను. చూడు, నేనే అడిగాను!

"ఇంగెట్ల? మా సుజాత గడ్డికి పోయి కంప ఎయ్యకుండా వచ్చింది. అడిగితే ఏసినా అంటాది. ఏసింటే తీసేదానికి ఆవులకు చేతులుండాయా? వేంపల్లెకు పంపిచ్చినా, పుట్టింటికి. బుద్ధొచ్చినాక పిల్చుకొస్తాంలే." అని ఊరుకోక, "మీరు నయం. తీసినోళ్లు తీసినట్ల ఏసి పోతారు" అంది.

నేను తల ఊపాను. నోరు విప్పితే ఆమె బాట మూసేస్తుంది, నా పని పోతుంది అనుకున్నాను. కోడలు ఎట్లాగూ నాలుగు రోజుల్లో వస్తుంది, అత్తాకోడళ్ల మధ్య నాకెందుకు అనీ అనుకున్నాను. కోడలు రాలేదు. తర్వాత రెండుసార్లు పోయినప్పుడు ఓబులమ్మ మళ్లీ మజ్జిగ పోసింది. తాగకపోతే అనుమానం వస్తుందని తాగాను. గ్లాసులు ఆమే కడుక్కుంది.

మొన్న శుక్రవారం యాత్ర లేదు. జుమా నమాజుకు పోయాను గానీ చేతులెత్తితే ఏం అడగాలో తోచలేదు. అటునుంచి అటే సైకిల్ తొక్కుకుంటూ పోయాను. ఓబులమ్మ ఇంటి ముందు కూర్చుని మిగిలిన కందులు చెరుగుతోంది. నిలబడే చెప్పేశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"మూడు తూర్లు చెప్పిందప్పా ఆ పిల్ల, ఏసినా అత్తా అని. మూడు తూర్లూ నోరు ముయ్యమంటి."

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

"నిన్ను తిట్టేది యాడికీ పోదులే. రేపు వేంపల్లెకు పోదాం పా. నాకు చెప్పింది దానికి చెప్పు."

నిన్న బస్సులో పోయాం. సుజాత గుమ్మంలో నిలబడి నేను చెప్పిందంతా విన్నది. వాళ్ల అత్త వైపు తిరిగి, "ఈయప్ప ఎవురో వచ్చి చెప్తే ఒక్క మాటకు నమ్మినావు. నేను చెప్తే ఎందుకు నమ్మలేదత్తా?" అంది.

ఓబులమ్మ మెట్టు మీద కూలబడింది. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చుంది. సుజాత వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. "కొన్ని దినాలు పోనీ, ఆలోచన చేస్తా" అని లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు బాట మూస్తావా అమ్మా అని అడిగాను. "బాట ఏం చేసిందప్పా?" అంది. మా ఆఫీసు సారుకు కూడా చెప్పాను. కోపంగా ఉన్నాడు. నన్ను ఉంచుతాడో పంపుతాడో తెలియదు, ఏం చేసినా సరే.

ఆ పిల్ల అడిగింది వాళ్ల అత్తను. తగిలింది నాకు. పోయిన ఎండాకాలం మీ పాడి ఎనుము లేత జొన్న పిలకలు మేసి విషమెక్కి చచ్చిపోయినప్పుడు, కట్టు విప్పి వదిలింది నువ్వేనని ఇంట్లో అందరూ అన్నారు. నువ్వు నాకు ఫోన్ చేసి, "ఒకతూరి వచ్చి పోరా దస్తగిరీ" అన్నావు. నేను, "పెద్దోళ్లు ఏదో అంటారు, సర్దుకోక్కా" అన్నాను. నువ్వు, "సరేలేరా, అన్నం తిన్నావా?" అని పెట్టేశావు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. సర్దుకున్నావనుకున్నాను. నువ్వు కట్టు విప్పావా లేదా అని నేను అడగనే లేదక్కా. అందరూ అంటున్నారు గనక నువ్వేనని అనుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగింది? వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకు ఊరికి వస్తాను. మీ అత్తమ్మ ముందూ బావ ముందూ కూర్చుని, నువ్వు చెప్పింది మొదటి నుంచి చివరి దాకా వింటాను. సాక్ష్యం అడగను. నువ్వు ఏది చెబితే అదే నమ్ముతాను.

అత్తమ్మకూ బావకూ నా సలాములు. రేష్మకు ముద్దులు. పెద్దల దువా నాకు కావాలి, అందరికంటే ముందు నీది. కోపం ఉంటే ఉండనీ, ఇంట్లోకి మాత్రం రానివ్వు.

ఇట్లు,
అడగడానికి ఇన్ని నెలలు ఆలస్యం చేసిన నీ తమ్ముడు
దస్తగిరి