చెంబులో పసుపుకొమ్ములు

మెదక్,
శుక్రవారం.

యాదక్కా,

ముందుగా నీ కాళ్ళకు మొక్కుతున్నాను. నీకు చెవులు పూర్తిగా వినిపించకుండా పోయినప్పటి నుంచి మనిద్దరికీ ఫోను పనికిరాని వస్తువైంది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని రేగోడ్ పోస్టుమన్ నవ్వుతాడని రాశావు. నవ్వనీ. నా పదో తరగతి చదువు ఇప్పటికైనా నీకూ నాకూ అక్కరకొస్తున్నది.

మీ మరిది సంగతి అడిగావు. నడుము నొప్పి తగ్గింది. ట్రాలీ ఆటో మాత్రం మొన్నటిదాకా వారంలో మూడు రోజులు ఇంటి ముందే నిలబడి ఉండేది. మా మహిళా సంఘంలో ఉన్న పద్నాలుగు మందిమీ కూరగాయల మీద బతికేవాళ్ళమే కదా. నేను తప్ప అందరూ అమ్మేవాళ్ళే. తెల్లవారుజామున వాళ్ళను గంపలతో సహా ఎక్కించుకుని ఎల్దుర్తి పోయి, తోటల దగ్గర టమాటలు, వంకాయలు, ఆకుకూరలు నింపుకుని రావడమే ఆయన పని. డీజిల్ పెరిగినప్పుడల్లా కిరాయి పెంచాలి. కిరాయి పెంచితే వాళ్ళు కూరల ధర పెంచాలి. అప్పుడు కొనేవాళ్ళు వంకాయను అటూ ఇటూ తిప్పి చూసి అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. రెండుసార్లు పెంచాడు. మూడోసారి అడగడానికి ఆయనకు నోరు రాలేదు. డీజిల్ పోయించలేని రోజు బండి తీయడం మానేశాడు. ఖాళీ బండిలో కూర్చుని స్టీరింగు తుడుస్తూ ఉండేవాడక్కా. తుడిచిందే తుడిచేవాడు. బండి అమ్మేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతానని ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

ఇంతలో ఓట్లు వచ్చాయి. ఒక పార్టీ తరఫున తిరిగే అమరేందర్ అని ఒకతను మా ఇంటికి వచ్చాడు. చేగుంట వైపు పెద్ద భూములున్న ఇంటివాడు, ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తున్నాడు. చెప్పులు గడప బయటే విడిచి, దుర్గమ్మ పటానికి దండం పెట్టి, కింద చాప మీదే కూర్చున్నాడు. వాళ్ళు గెలిస్తే డీజిల్ ధర తగ్గేదాకా కొట్లాడుతారట. తర్వాత అసలు మాట చెప్పాడు.

“అక్కా, పైసలిస్తే అందరూ తీస్కుంటరు, ఓటేసేది వాళ్ళిష్టం. నువ్వు మీ సంఘమోళ్ళతోని దుర్గమ్మ ముంగట మాకే ఓటని ఒక్క మాట అనిపిచ్చినవనుకో, ఇగ తిరుగుండదు. నీ నోట్ల అబద్ధం ఇన్నోళ్ళు ఈ గల్లీల ఉన్నరా?”

నేను ఒప్పుకున్నాను. మన అమ్మ ముడుపు కట్టే పద్ధతి నీకు గుర్తుందిగా. చెంబులో పసుపు కలిపిన బియ్యం పోసి, ఒక్కొక్కరు పిడికిట్లో పసుపుకొమ్ము పట్టుకుని, చెయ్యి బియ్యంలో దాచి, మనసులో మాట ఇచ్చి, కొమ్మును అక్కడే వదిలి చెయ్యి తీయాలి. చివరికి చెంబు మూతికి పసుపుబట్ట కట్టి అమ్మవారి ముందు పెట్టాలి. మాట తీరేదాకా విప్పకూడదు. పోయిన శుక్రవారం మా సంఘం మీటింగులో అట్లాగే చేయించాను. పెద్దది పోశవ్వ మొదలు, మొన్న మొన్న చేరిన సుగుణ దాకా అందరూ నోరెత్తకుండా చెయ్యి పెట్టారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే వజ్రమ్మ ఒక్కతే లేచి పక్కకు నిలబడింది. “ఒట్టు పెట్టొద్దని మాకు చెప్పిండ్రు, ఏమనుకోకు,” అన్నది. నేనేమీ అనుకోలేదు. మిగతావాళ్ళు అంత నమ్మకంగా చెయ్యి పెట్టడం అమ్మవారి దయ అనుకున్నాను.

ఇప్పుడు బండి రోజూ పోతున్నది. నువ్వు దిగులు పడకు.

నీ చెల్లెలు
చంద్రిక


మెదక్,
బుధవారం.

అక్కా,

నీ కార్డు అందింది. నేను రెండు పేజీలు రాస్తే నువ్వు ఒకే ఒక్క ముక్క రాశావు. “మరిదికి డీజిల్ ఎక్కడిది?” అని. ఆ కార్డు మూడు రోజులు బియ్యం డబ్బాలో దాచి, ఈ రోజు తీసి ముందు పెట్టుకుని రాస్తున్నాను. చిన్నప్పుడు నేను అటుకులు దొంగతనంగా తిన్నప్పుడు కూడా నువ్వు ఇట్లాగే ఒక్క మాట అడిగి ఊరుకునేదానివి.

అమరేందర్ చాప మీద నుంచి లేచేటప్పుడు ఇంకొక మాట కూడా అన్నాడు. ఓట్లయ్యేదాకా మీ మరిది బండికి మైకు కట్టుకుంటామనీ, పొద్దున కూరల పని అయ్యాక ఊర్లు తిప్పితే చాలనీ, డీజిల్ బాధ్యత తమదనీ అన్నాడు. ముడుపు కట్టిన మర్నాడే చీటీల కట్ట పంపాడు. నీలం రంగు చిన్న కాగితాలు, వాటి మీద ఒక ముద్ర. చీటీ ఇస్తే బంకులో మారు మాట్లాడకుండా డీజిల్ పోస్తారు. ఓట్ల తర్వాత కూడా రెండు నెలలకు సరిపోయేటన్ని ఇచ్చాడు. వాటిని దుర్గమ్మ పటం వెనక పెట్టాను. ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు నాకు తోచలేదు. అగరుబత్తి వెలిగించినప్పుడల్లా ఆ నీలం అంచు కనపడుతున్నది. నేను కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాను.

ఇంతలో డీజిల్, పెట్రోలు రెండు రూపాయలు తగ్గాయి. ఇన్నాళ్ళు పెరగడమే తప్ప తగ్గని ధర, ఓట్లు పది రోజులున్నాయనగా తగ్గింది. ఆ పొద్దున నేను మీ మరిదికి చాయ్ తీసుకుని కూరగాయల మార్కెట్‌కు పోయాను. మా వాళ్ళంతా దాని గురించే మాట్లాడుకుంటున్నారు. తగ్గించినోళ్ళకే ఓటేస్తానని ఒకామె అంటే, ఓట్లు కాగానే నాలుగు పెంచుతారు, ఎందుకు తొందరని పోశవ్వ ఎత్తిపొడుస్తున్నది. “మనం సచ్చు వంకాయల మీద నీళ్ళు జల్లి అమ్ముతలేమా? గట్లనే గిది గూడ,” అన్నది. అందరూ నవ్వుతున్నారు. అంతలో నన్ను చూశారు. ఒక్కసారిగా అందరి నోళ్ళు మూతపడ్డాయి. ఒకామె కొత్తిమీర కట్టలు సర్దుకుంది. ఇంకొకామె తక్కెడ తుడిచింది. చాయ్ గ్లాసు పట్టుకుని ఆ నిశ్శబ్దంలో నిలబడ్డానక్కా. వాళ్ళ ఇంటి ఖర్చు గురించి, వాళ్ళ ఓటు గురించి వాళ్ళు మాట్లాడుకుంటుంటే నన్ను చూసి ఆగిపోయారు. మీటింగులో నేను బట్ట కట్టింది చెంబు మూతికి కాదు, వాళ్ళ నోళ్ళకని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం సుగుణ ఇంటికి వచ్చింది. దాని పెనిమిటి ఆటో నడుపుతాడు. రెండు రూపాయలు తగ్గడంతో అతనికి పానం లేచి వచ్చిందట, తగ్గించినవాళ్ళకే ఇద్దరం ఓటేద్దామన్నాడట. అది గడపలోనే నిలబడి మెల్లగా అడిగింది.

“వదినా, మనసు మారింది. అమ్మోరు పిల్లలకు ఏమన్న జేస్తదా?”

ఏమీ చెయ్యదని చెప్పవలసింది నేను. అయినా నా నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? “ఒట్టంటే ఒట్టే, సుగుణా,” అన్నాను. అది తల వంచుకుని వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగితే పటం వెనక ఆ నీలం అంచు.

యాభై ఏళ్ళు వచ్చాయి. ఏ రోజూ దీపం పెట్టకుండా అన్నం తినలేదు. ఎవరి మీదా కేక వెయ్యలేదు. అటువంటి నేను, ఒక తల్లికి పిల్లల మీద భయం పెట్టి దాని ఓటును డీజిల్‌కు ఇచ్చేశాను. అమ్మవారిని కూడా అందులోకి లాగాను. ఈ పాపం ఇంకెవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను.

రేపు మీ మరిదికి చెప్తాను. ఎల్లుండి మీటింగులో అందరి ముందు చెంబు విప్పుతాను. విప్పిన దోషం నాకే తగలనీ. బండి పోతే పోనీ.

చంద్రిక


మెదక్,
ఆదివారం.

నా యాదక్కా,

నెలన్నర దాటింది, జవాబు రాయలేదని కోపంగా ఉన్నావని తెలుసు. జరిగినదంతా ఒకేసారి రాద్దామని ఆగాను.

ముందు మీ మరిదికి చెప్పాను. ముడుపు సంగతి ఆయనకు తెలియదు. మైకు కిరాయికే చీటీలిచ్చారనుకున్నాడు. అంతా విని, “గిది నాకోసం జేసినవా?” అని మాత్రం అడిగి బయటికి పోయాడు. కాసేపటికి గీకుతున్న చప్పుడు వినిపించింది. తడిగుడ్డతో, కొబ్బరిచిప్పతో బండి మీది పోస్టర్లు తీస్తున్నాడు. మిగిలిన చీటీలు, మైకు ఇద్దరం పోయి అమరేందర్‌కు ఇచ్చి వచ్చాము. ఒట్టు విప్పుతున్నానని కూడా చెప్పాను. “గింత దానికి గంత దూరం పోతవేందక్కా,” అన్నాడు. అతను మర్యాద తప్పలేదు. నా ముఖం మాత్రం చూడలేదు.

శుక్రవారం అందరూ వచ్చారు. చెంబు మధ్యలో పెట్టి, నీకు రాసినదంతా వాళ్ళకు చెప్పాను. చీటీల మాట తల వంచుకునే చెప్పాను. తల ఎత్తితే ఎవరూ ఆశ్చర్యపడినట్టు లేదు. పోశవ్వ తమలపాకు నములుతూనే ఉంది.

“చంద్రికా, బంకుల నీ పెనిమిటి ఎల్లం నీలం చీటి ఇచ్చినప్పుడు ఎనుక గంపల మీద కూసున్నదెవరు? మేమేనాయె. మాకు కండ్లు లేవా?”

ముడుపు విప్పి, బియ్యం చేటలో పోశాను. చేత్తో సదిరాను. ఒక కొమ్ము దొరికింది. వేలంత పొడవు, ఒక చివర విరిగినది, నాదే. ఇంకొకటి దొరికింది, సన్నది. మళ్ళీ సదిరాను. చేట అటూ ఇటూ ఊపాను. చెంబు బోర్లించి తట్టాను. పదమూడు చేతులు పెట్టిన చెంబులో రెండే కొమ్ములు ఉన్నాయక్కా.

ఆ సన్నటిది సుగుణది. అది అందరినీ మార్చి మార్చి చూసి, “నాకెందుకు జెప్పలే?” అని ఏడ్చినంత పని చేసింది. “నువ్వు కొత్తదానివి. గమ్మునుంటవో, ఉండవో,” అన్నది పోశవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

“అమ్మోరి ముంగట అబద్ధపు మాట ఇయ్యొద్దని కొమ్ములు కొంగుల్నే ఉంచుకొని ఉత్త పిడికిలి పెట్టినం. అమరేందర్ మీ ఇంటికొచ్చి పోయిండు, ఎందుకో మాకెరుకనే. నువ్వడిగితే లేదనబుద్ధి గాలె. ఎల్లం గా ఖాళీ బండిల కూసోని తుడుసుకుంటుంటే సూడబుద్ధి గాలె.”

వజ్రమ్మ లేచి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. నా భక్తిని చూసి వాళ్ళు చెయ్యి పెట్టారనుకున్నాను. నా పెనిమిటి బండిని చూసి పెట్టారు. మార్కెట్‌లో నన్ను చూసి నోరు మూసుకున్నది ఒట్టుకు భయపడి కాదు, నా ముఖం చిన్నబోతుందని. వాళ్ళను నేను కట్టేశాననుకుని ఏడ్చాను. వాళ్ళు తమ ఓటునూ కాపాడుకున్నారు, నన్నూ కాపాడారు. మా అందరిలో అమ్మవారికి భయపడవలసిన పని చేసింది నేనొక్కదాన్నే.

ఆ రెండు కొమ్ములు తీసుకుని నేనూ సుగుణా ఏడుపాయల దుర్గమ్మ గుడికి పోయి, తప్పు దండం పెట్టి మంజీరలో వదిలాము. మీ మరిదే తీసుకుపోయాడు, మా డీజిల్‌తోనే. ఓట్ల రోజు అందరం కలిసి బడికి నడిచిపోయి లైనులో నిలబడ్డాము. ఎవరు ఎవరికి వేశారో ఎవరూ అడగలేదు. నేనెవరికి వేశానో నీకు కూడా రాయను, ఏమీ అనుకోకు.

నువ్వు ఊహించే ఉంటావు, ఓట్లయిన నెల లోపలే ధర మళ్ళీ పెరిగింది. ఎవరు గెలిచారో, ఎవరు పెంచారో నాకు బాగా అర్థం కాలేదు. బంకులో బోర్డు మీది అంకె మాత్రం అర్థమైంది. ఈ పొద్దున మీ మరిది బండి దిగి, చేతులు కట్టుకుని, కిరాయి పెంచక తప్పదని అందరి ముందు చెప్పాడు. నోరు రాని మనిషికి అంత మాట ఎట్లా వచ్చిందో. ఇక చూడు, ఒక్కసారిగా మీద పడ్డారు. టమాటలెవరు కొంటున్నారని ఒకామె, గంపకింతని తీసుకొమ్మని ఒకామె. ఆయన బండిని నమ్ముకుంటే నడిచి పోవడమే నయమని పోశవ్వ. నాలుగు రోజులు పాత కిరాయే తీసుకుని, తర్వాత ఆయన అడిగినదాంట్లో సగం పెంచేటట్టు బేరం తెగింది.

ఆ గొడవ మధ్యలో నేను చాయ్ గ్లాసు పట్టుకుని పోయాను. నన్ను చూశారు. ఒక్కరు కూడా నోరు మూసుకోలేదక్కా.

నీ చంద్రిక