ఏడో టేపు, పద్దెనిమిదో నిమిషం

స్మిత్‌విల్, టెనెసీ
12 ఆగస్టు 1998, బుధవారం

హోబర్ట్ స్టిన్నెట్ గారికి థర్మన్ బీస్లీ వ్రాయునది,

నిన్న సాయంత్రం ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలకు మీరు నా భార్యకి వేళ్లతో సైగ చేయడం నేను నా హాల్లో కూర్చుని చూశాను. సైగ చేసింది 1957 అక్టోబరు అయిదున. నా దాకా రావడానికి నలభై ఏళ్ల పది నెలలు పట్టింది.

నేనెవరో చెప్పాలి. ఇక్కడి వారపత్రికలో ముప్ఫై ఎనిమిదేళ్లు విలేకరిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పాత కంట్రీ పాటల టీవీ కార్యక్రమాల టేపులు సేకరిస్తాను. రెండు వందల పద్నాలుగు ఉన్నాయి, తేదీల వారీగా. మీరు ఫిడేలు వాయించిన డ్రై క్రీక్ జాంబొరీ అనే కార్యక్రమాన్ని ఒక కంపెనీ నెలకొక టేపు చొప్పున పోస్టులో అమ్ముతోంది. నిన్న ఏడో టేపు వచ్చింది.

ఆ రోజు వెనకపాట పాడిన ముగ్గురమ్మాయిల్లో మధ్యనున్నది విలొడీన్. ఎనిమిది నెలల తర్వాత నా భార్య అయింది. టేపులో పద్దెనిమిదో నిమిషం పదహారో సెకనుకి మీరు ఫిడేలు దించి, ఆమె వైపు తిరిగి, ఎడమచేతిని నడుం దగ్గర పెట్టి ఒక వేలు చూపించారు. తర్వాత నాలుగు. తర్వాత అయిదు. ఆమె నవ్వింది. ఇరవై ఆరు సార్లు వెనక్కి తిప్పి చూశాను. ఇరవై ఆరు సార్లూ నవ్వింది.

ఒకటి, నాలుగు, అయిదు. స్టూడియో ఎదుటి లాడ్జిలో గదులు పన్నెండే కాబట్టి అది గది నంబరు కాదు. ఇక మిగిలింది టైము. ఒంటిగంటా నలభై అయిదు. మర్నాడు ఆదివారం, చర్చి అయ్యి భోజనాలు ముగిసే వేళ. ఆ మధ్యాహ్నం విలొడీన్ నాతో షికారుకి రాలేదు. మెక్‌మిన్‌విల్‌లో పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదంది. ఆనాటి డైరీ నా దగ్గరుంది.

ఆ కార్యక్రమం గురించి రాయమని పత్రిక నన్నే పంపింది. మూడో వరుసలో కూర్చుని గంటసేపూ విలొడీన్ మీద నుంచి చూపు తిప్పలేదు. ఈ మాట మా పెళ్లిలో చెప్పాను, ఏటా పెళ్లిరోజున చెబుతూనే ఉన్నాను.

మీ వివరణ వారంలోగా పంపగలరు.

ఇట్లు,
థర్మన్ బీస్లీ

తా.క. అయిదో నిమిషంలో మీరు వాయించిన ముక్క చాలా బాగుంది. అది వేరే విషయం.


గ్లాస్గో, కెంటకీ
17 ఆగస్టు

బ్రదర్ బీస్లీ గారికి నమస్కారాలు,

ఉత్తరం అందింది. నా ఎడమచెయ్యిని ఇరవై ఆరు సార్లు చూసినవాళ్లు ఇంతవరకూ లేరు. మా ఫిడేలు మాస్టారు కూడా చూడలేదు.

సంగతి చాలా చిన్నది. మేము కాగితం చూసి వాయించే రకం కాదు. మా పాటలకి మెట్లు మూడే. పుట్టింటి మెట్టు ఒకటి, అక్కణ్ణుంచి లేస్తే నాలుగు, తిరిగొచ్చే ముందు అయిదు. పాట రానివాడు గుంపులో ఉంటే, వచ్చినవాడు ఏ మెట్టు వాయించాలో వేళ్లతో చూపిస్తాడు. ఆ వారం పెద్ద బేసు, అంటే మనిషెత్తు ఫిడేలు లాంటిది, వాయించడానికి కొత్త మనిషి వచ్చాడు. బేసు మోసుకు రావడం తెలుసు, వాయించడం అంతంత మాత్రం. ఆ వేళ్లు అతనికి.

మీ ఆవిణ్ణి అదే రోజు మొదటిసారి చూశాను, అదే రోజు ఆఖరుసారి కూడా. ముగ్గురమ్మాయిలున్నారని గుర్తుంది. జుట్లు మాత్రమే గుర్తున్నాయి. వాటి ఎత్తు మూలంగా లైట్లు పైకి జరిపారు.

టేపులన్నీ ఆనందంగా చూసుకోండి.

మీ శ్రేయోభిలాషి,
హోబర్ట్ స్టిన్నెట్

తా.క. ఆమె నవ్వింది నన్ను చూసి కాదు. నేను నాలుగు చూపిస్తే అతను అయిదు వాయించాడు. చెవులున్న వాళ్లందరూ నవ్వారు. టేపులో వినండి, తెలుస్తుంది.


స్మిత్‌విల్
21 ఆగస్టు

స్టిన్నెట్‌కి,

మీ వివరణని పరిశీలించాను. తేలినవి ఇవి.

మూడో నిమిషంలో బేసు వాయించే మనిషి స్టేజీకి ఎడమ చివర ఉన్నాడు. పద్దెనిమిదో నిమిషంలో మీరు వేళ్లు చూపించింది కుడివైపు. అక్కడ అమ్మాయిలు తప్ప ఎవరూ లేరు.

విలొడీన్‌ని నేరుగా అడిగాను. పదకొండు సెకన్లు నవ్వింది. తప్పు చేయని మనిషి నాలుగు సెకన్లకి మించి నవ్వదు. ఇది నా అనుభవం. కౌంటీ కోర్టులో చాలామందిని చూశాను.

బుధవారం మెక్‌మిన్‌విల్ వెళ్లాను. పెద్దమ్మ 1974లో పోయింది. పక్కింటావిడకి ఎనభై ఎనిమిదేళ్లు. “ఆవిడకి జబ్బా? చచ్చిపోయిన రోజు తప్ప ఏనాడూ మంచమెక్కలేదు నాయనా,” అంది. ఈ వాంగ్మూలం రాసుకుని ఇంటికొచ్చి విలొడీన్‌కి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. “నా పెద్దమ్మ మీద ఊళ్లో ఎంక్వయిరీ చేసొచ్చావా? చేసింది చాలు. పిచ్చి దిగాక కబురు పెట్టు,” అని స్పార్టాలో చెల్లెలింటికి వెళ్లింది. తిరిగి వచ్చే తేదీ చెప్పలేదు. నలభై ఏళ్లలో ఆమె తేదీ చెప్పకుండా ఊరెళ్లడం ఇదే మొదలు. వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో నాకు తెలియదు.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. 1957 అక్టోబరు ఆరు, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయిదుకి మీరెక్కడ ఉన్నారు?

థర్మన్ బీస్లీ

తా.క. మా చర్చిలో వాయిద్యాలు లేవు. రెండు వందల మందిమి ఎవరి వేళ్లూ చూడకుండానే పాడతాం.

ఇంకో తా.క. టేపు విన్నాను. నాలుగేదో అయిదేదో నాకు తెలియలేదు. ఈ సంగతి బయట చెప్పనక్కర్లేదు.


గ్లాస్గో
27 ఆగస్టు

బీస్లీ గారూ,

ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురంలో మా ఆవిడ వెర్నా నా పేర వచ్చిన కవరు ఏనాడూ విప్పలేదు. మీది విప్పింది. సోమవారం పొద్దున పదిన్నరకి. పొగాకు చేలోంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

“అక్టోబరు ఆరు, ఆదివారం, మధ్యాహ్నం. మా అమ్మ నీకోసం వేయించిన కోడి చల్లారిపోయిన రోజు కాదూ?” అంది.

అప్పటికి మాకింకా పెళ్లి కాలేదు. ఆ రోజు వాళ్లింట్లో భోజనం. నేను వెళ్లలేదు. టాంప్కిన్స్‌విల్ దగ్గర నా ట్రక్కు ఆగిపోయింది. ఆగిపోయిందంటే నిజంగానే ఆగిపోయింది. అప్పుడే ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్లకి నమ్మకం మొదలవుతున్న సమయానికి మీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు నా కంచం వరండాలో పెడుతోంది. కుక్క కంచం పక్కన. ముందు దానికి వడ్డిస్తోంది.

బేసు సంగతి వినండి. ఎడమ చివర ఉన్నవాణ్ణి కార్యక్రమం మధ్యలో అమ్మాయిల వెనక్కి తరిమారు. కార్యక్రమానికి డబ్బిచ్చే పిండి కంపెనీ వాళ్లు అక్కడ బస్తాల గుట్ట పెట్టాలన్నారు. మీ టేపులో పిండి బస్తాలు కనిపించవు. ప్రకటనలన్నీ, జనాన్ని చూపించిన ముక్కలన్నీ కోసేసి అమ్ముతున్నారు. పూర్తి గంటా నా దగ్గరుంది. స్టేషన్ వాళ్లు పాత రీళ్లు పారేస్తుంటే మా తమ్ముడు ఏరుకొచ్చి టేపుకి ఎక్కించి ఇచ్చాడు. నేనింకా చూడలేదు. నా మొహం నాకు తెలిసిందే కదా.

ఒక హెచ్చరిక. వెర్నా మీ ఆవిడ చెల్లెలి ఫోను నంబరు సంపాదించింది. నిన్న రెండు గంటల పది నిమిషాలు మాట్లాడుకున్నారు. మొదటి అరగంట అరుపులు. తర్వాత నవ్వులు. నాకు నవ్వులే ఎక్కువ భయంగా ఉన్నాయి.

హోబర్ట్ స్టిన్నెట్

తా.క. మీ రెండో తా.క. వెర్నా చదివింది. దాని మీద నవ్వుకున్నది పదకొండు సెకన్లకి తక్కువేం కాదు.


స్మిత్‌విల్
2 సెప్టెంబరు

ప్రియ సోదరులు హోబర్ట్ గారికి,

పూర్తి గంట ఉందని రాశారు. ఆ వాక్యం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. మీకూ విలొడీన్‌కీ మధ్య ఏముందన్న బాధ ఎంత, నా దగ్గర లేని టేపు మీ దగ్గర ఉందన్న బాధ ఎంత అని లెక్క తేల్చడానికి ప్రయత్నించాను. చెరి సగం. నిజం రాయడం నా వృత్తి, రాస్తున్నాను. నేను పెట్టెలో నంబర్లు వేసి కాపాడుకుంటున్నది నలభై రెండు నిమిషాల తుంపు అని, అసలుది ఒకసారైనా చూడని మనిషి అలమారులో పడుందని తెలిసింది. ఇది మనిషి భరించగలిగింది కాదు.

విలొడీన్ సోమవారం తిరిగొచ్చింది. నీలం గౌను ఇస్త్రీ చేసి తగిలించింది. “పన్నెండో తారీకు శనివారం గ్లాస్గో వెళ్తున్నాం. నలుగురం కూర్చుని పూర్తి టేపు చూస్తున్నాం. అమ్మాయిల వెనక బేసు కనిపిస్తే నువ్వు ముగ్గురికీ క్షమాపణ చెబుతావు,” అంది. కనిపించకపోతే ఏమిటని అడిగాను. “కనిపిస్తుంది,” అంది. ఇంత ధీమా నాకు నచ్చలేదు కానీ ఒప్పుకున్నాను. క్షమాపణ ఇప్పటికే రాసి జేబులో పెట్టుకున్నాను. రెండు పేరాలు.

మీ కుక్కకి కూడా నా తరఫున క్షమాపణ చెప్పండి.

సోదర ప్రేమతో,
థర్మన్

తా.క. విచారణ ముగిశాక టేపుని నకలు తీసుకోవడానికి రెండు రోజులు ఇవ్వగలరా? రికార్డు కోసం. బదులుగా నా దగ్గర రెండేసి ఉన్న ఎనిమిది టేపులు తెస్తున్నాను. మీకు నచ్చినది ఏరుకోండి. ఎనిమిదీ అయినా సరే.


గ్లాస్గో
8 సెప్టెంబరు 1998, మంగళవారం

థర్మన్ బీస్లీకి హోబర్ట్ స్టిన్నెట్ వ్రాయునది,

నిన్న పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకి నా భార్య అరచేతి మీద నువ్వు పెన్నుతో రాయడం నేను నా హాల్లో కూర్చుని చూశాను. రాసింది 1957 అక్టోబరు అయిదున.

శనివారం నలుగురి ముందు సిగ్గుపడే పని ఉండకూడదని, పూర్తి టేపు ముందుగా ఒకసారి వేసుకున్నాను. బేసు ఉంది. మీ ఆవిడ జుట్టు వెనక నుంచి దాని మెడ కనిపిస్తోంది. నా మాట నిలిచింది. ఆ సంగతి ఇక పక్కన పెట్టు.

కోసేసిన ముక్కల్లో జనాన్ని మూడుసార్లు చూపించారు. పన్నెండో నిమిషంలో, ఇరవై ఆరో నిమిషంలో, నలభై ఒకటో నిమిషంలో. అన్నీ కలిపి నలభై ఎనిమిది సెకన్లు. మూడో వరుసలో పల్చటి మీసం, చొక్కా జేబులో నోట్‌బుక్కుతో ఒక మనిషి ఉన్నాడు. మీ పత్రిక వాళ్లు నీ రిటైర్మెంటుకి వేసిన పాత ఫొటో, ఆ పత్రిక తెప్పించుకునే మా చెల్లెలి దగ్గర దొరికింది. పోల్చి చూశాను. నువ్వే. నలభై ఎనిమిది సెకన్లలో నువ్వు స్టేజీ వైపు చూసింది సున్నా. చూసింది పక్క సీట్లో టోపీ పెట్టుకున్న పిల్లని. ఆ పిల్ల వెర్నా. నా టిక్కెట్టు మీద, నన్ను చూడ్డానికి వచ్చింది. పన్నెండో నిమిషంలో నువ్వేదో అన్నావు, ఆమె నవ్వింది. ఇరవై ఆరులో ఆమె ఏదో అంది, నువ్వు నవ్వావు. నీ కోత టేపులో పద్దెనిమిదో నిమిషం ఇదే, అప్పుడే నేను స్టేజీ మీద వేళ్లు చూపిస్తున్నాను. విలొడీన్ మీద నుంచి చూపు తిప్పనివాడికి నా చెయ్యి ఆ రోజే ఎందుకు కనిపించలేదో తెలిసింది. నలభై ఒకటిలో ఆమె చెయ్యి పట్టుకుని అరచేతిలో రాశావు. ఏం రాశావో కనిపించడం లేదు. ముప్ఫై మూడు సార్లు చూశాను.

వెర్నాని అడిగాను.

“నలభై ఒక్క ఏళ్లయింది, నాకేం గుర్తుంటుంది హోబర్ట్?” అంది.

మధ్యాహ్నం వెళ్లి జుట్టు సెట్ చేయించుకొచ్చింది. మనవరాలి పెళ్లికి కూడా చేయించుకోలేదు. నా కవరు ఎన్నడూ విప్పనిది నీ కవరే ఎందుకు విప్పిందని ఇన్నాళ్లూ ఆలోచించాను. కవరు మూల మీద నీ పేరు ఉంది. అంతే.

ఇంకొకటి కూడా ఇప్పుడే వెర్నా నోటి నుంచి బయటపడింది. స్టేజీ మీద నుంచి మూడో వరుస బాగా కనిపిస్తుందట. ఆ గంటసేపూ మీ ఆవిడ నిన్ను గమనిస్తూనే ఉంది. మర్నాడు నీతో రాకపోవడానికి కారణం పెద్దమ్మ జబ్బు కాదు, ఆకుపచ్చ టోపీ. ఫోనులో వెర్నాతో అంతా చెప్పుకుంది. “ఏటా పెళ్లిరోజున ఆ మాట చెబుతాడు, నేను ఏటా నోరు మూసుకుంటాను. ఆ టోపీ పిల్ల ఎవరో తెలిస్తే చాలు,” అందట. వెర్నా ఇటువైపు నుంచి పాపం పాపం అంటూ విన్నదట. పేరు చెప్పలేదు.

టోపీ ఇంకా ఉంది. నిన్న అటక మీద నుంచి దించి బ్రష్ చేసింది. శనివారం పెట్టుకుంటుందట.

నువ్వు రాసుకున్న క్షమాపణ రెండు పేరాలు చాలవు.

హోబర్ట్ స్టిన్నెట్

తా.క. నకలు ఇచ్చేది లేదు. ఎనిమిది టేపులూ మాత్రం తీసుకురా.

తా.క. కార్యక్రమం ఇది. శనివారం సాయంత్రం అయిదున్నరకి భోజనం. వెర్నా కోడి వేయిస్తుంది, విలొడీన్ అరటిపండు పుడ్డింగు తెస్తుంది. ఆరున్నరకి టేపు మొదలు. నీ కుర్చీ నా పక్కన. వాళ్లిద్దరూ మన వెనక సోఫాలో. ఏడు గంటల పదకొండు నిమిషాలకి నలభై ఒకటో నిమిషం వస్తుంది.