వదిన నోట ఖతర్

యాదన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఖతర్‌లో, బర్వా లేబర్ క్యాంపులోని మన గదిలో శుక్రవారం చాయ్ ఆగలేదు, నువ్వు మొదలుపెట్టిన పనీ ఆగలేదు. ఇక్కడ ఎవరైనా పోతే, ఊళ్లో వాళ్ల ఇంటివాళ్లకు ఫోన్ చేసి, సర్కారు సాయం ఎలా అడగాలో ఇప్పటికీ చెబుతున్నాం.

"మనం సచ్చేది దుబాయ్‌ల కాదురా, ఖతర్‌ల. ముందు మీ ఆడోళ్లకు అది నేర్పుండ్రి" అని తిట్టేవాడివి. మా అందరి ఇళ్లలో నేర్పించి, నీ ఇంట్లో మరిచావు. ఊళ్లో గల్ఫంతా దుబాయే కదా. గల్ఫ్‌లో పోయినవాళ్ల కుటుంబాలకిచ్చే సాయం కోసం వెళ్లి, వదిన కూడా దుబాయ్ అనే చెప్పింది. ఆఫీసువాళ్లు దుబాయ్ కాగితాలు తెమ్మన్నారు. పాపం, నెలల తరబడి తిరిగింది. సంగతి తెలిశాక మన గదిలోని సలీం భాయ్ ఇక్కడి ఎంబసీ కాగితాలు పంపించి, పని అయ్యేదాకా ఆమెతో ఫోన్‌లోనే ఉన్నాడు.

నిన్న సాయం అందింది. ఇవాళ వదిన ఫోన్ చేసింది.

"మీ పుణ్యమాని పిల్ల సదువు ఆగలే తమ్మీ."

"మాదేముంది వదినా, అంతా అన్న నేర్పిందే" అన్నాను.

 అంతలో ఎవరో పొరుగావిడ వచ్చినట్టుంది. ఫోన్ పెట్టెయ్యకుండానే వదిన ఆమెను అడగడం వినబడింది.

"మీ ఆయన ఏ దేశంల ఉంటడక్కా? దుబాయ్ అనకు. సరిగ్గ చెప్పు."