నాకు అక్కర్లేని సముద్రం

గోల్‌మురి,
జంషెడ్‌పూర్.

అమ్మకి ఇంద్రాణి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ అల్లుడు బాగున్నాడు, మా అత్త బాగుంది, ఆమె మోకాళ్లు కూడా ఈమధ్య బాగున్నాయి. నేను మాత్రం కోపంగా ఉన్నాను. కోపంగా ఉండడం కూడా బాగుండడంలోకే వస్తుందంటే నేనూ బాగున్నట్టే. నువ్వు వేళకి తిని, మందులు వేసుకుంటున్నావని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. నువ్వు ఫోన్ స్పీకర్లో పెడతావు. అరుగు మీద పైడమ్మ పిన్ని వింటుంది, ఆమె కోడలు వింటుంది, సాయంత్రానికి మన బారువ ఊరంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదువుకో.

నువ్వెప్పుడో ఉత్తరంలో అడిగినవాటికి ఇప్పుడు జవాబులు. తిండి బాగానే తింటున్నాను. సూదులు నేనే పొడుచుకుంటున్నాను, అలవాటైపోయింది. ఉద్యోగం మానలేదు, మానను. ఇక అసలు ప్రశ్న. "డాక్టరమ్మ మీద అరిచి, ఆ కళ్లద్దాలు తీసి గోడకేసి కొట్టావంట, నిజమేనా?" అని రాశావు. అబద్ధం. గోడకేసి కొట్టలేదు, తీసి తనుశ్రీ చేతిలో పెట్టాను. అరిచింది మాత్రం నిజం.

ఏం జరిగిందో మా అత్త చెప్పింది విన్నావు కదా, ఇప్పుడు నేను చెప్పేది విను. ల్యాబులో తయారైన పిండాన్ని సన్నటి గొట్టంతో కడుపులో పెడతారు. మత్తు ఇవ్వరు. ఆడవాళ్లు భయంతో బిగుసుకుపోతున్నారని ఈ ఆస్పత్రివాళ్లు కొత్తగా ఒక కళ్లజోడు తెచ్చారు. మామూలుది కాదు, సగం ముఖాన్ని మూసేసే డబ్బా. అది పెట్టుకుంటే ఆస్పత్రి మాయమై ఇంకో లోకం కనబడుతుంది. చెవిలో ఒక గొంతు మెల్లగా మాట్లాడుతూ నిద్రలాంటి దాంట్లోకి దించుతుంది. హిప్నాసిస్ అంటారు దాన్ని. ఆ పని చూసే బెంగాలీ అమ్మాయే తనుశ్రీ.

నాకేం చూపించారో తెలుసా? సముద్రం! బారువ ఒడ్డున పుట్టినదానికి సముద్రం! అదీ చేపల వాసన లేని, ఒక్క పడవైనా లేని, మనిషి అలికిడే లేని నీలం నీళ్లు. చెవిలో గొంతేమో "ఆప్ సురక్షిత్ హైఁ, సబ్ ఛోడ్ దీజియే" అంటోంది. క్షేమంగా ఉన్నావు, అన్నీ వదిలెయ్యి అని. ఇక్కడ చూస్తే నా కాళ్లు పైకెత్తి ఉన్నాయి. నీళ్లు తాగించి తాగించి పొట్ట ఉబ్బిపోయి ఉంది. అంతలో ఎవరిదో చల్లటి చెయ్యి తగిలింది. ఎవరి చెయ్యో తెలీదు, తరవాత ఏం చెయ్యబోతోందో తెలీదు, నా కళ్ల ముందేమో అలలు!

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. ఆదిత్యపూర్ ఫౌండ్రీలో పైన క్రేన్ క్యాబిన్‌లో కూర్చుంటాను. కింద మన చినబాబు మామ చేత్తో సైగ చేస్తేనే బరువు లేపుతాను. ఆ చెయ్యి కనబడకపోతే ఎవరు అరిచినా, సూపర్‌వైజర్ వచ్చి తిట్టినా, హ్యాండిల్ ముట్టుకోకూడదు. ఇన్నేళ్లుగా నా ఒంటికి పట్టిన అలవాటు అది. చెయ్యి కనబడితే క్షేమం, కనబడకపోతే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వచ్చినట్టే. అలాంటిదాని కళ్లు మూసేసి క్షేమంగా ఉన్నావంటే నా ఒళ్లు నమ్ముతుందా? తీసేశాను. ఏం చేస్తున్నారో చెప్పి చెయ్యండని అరిచాను. హిందీలోనే మొదలుపెట్టాను గానీ మధ్యలో తెలుగు కూడా వచ్చేసింది, అవి నీకు రాయదగిన మాటలు కావు.

రెండు వారాలకి పరీక్ష చేస్తే పిండం నిలవలేదని తేలింది. నేను పడ్డ బాధ నేను పడ్డాను. కానీ ఆ డాక్టరమ్మ ఏం చేసిందో చూడు. నాతో ఒక్క ముక్క చెప్పకుండా, బయట వరండాలో మా అత్తతో, "ఆవిడ రిలాక్స్ అవలేదు, మేమేం చేస్తాం?" అందట. ఇంక చూసుకో! ఇంటికి రాగానే మా అత్త అందుకుంది.

"ఏటే పిల్లా, ఆ అద్దాలు ఒక్క గడియ ఎట్టుకుంటే నీ సొమ్మేటి పోనాది? అందరూ ఎట్టుకోలేదేటి?"

మర్నాటికి మేముండే టిన్‌ప్లేట్ కంపెనీ క్వార్టర్లలో మన తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది, నేను భయపడి బిడ్డని పోగొట్టుకున్నానని. మీ అల్లుడేమో తల వంచుకుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. అప్పటికే తుడిచిన చెప్పులు!

వాళ్లన్నది ఒక ఎత్తు, నువ్వు రాసింది ఒక ఎత్తు. "భయపడితే కడుపు నిలవదు. వెళ్లి డాక్టరమ్మకి క్షమాపణ చెప్పుకో" అని రాశావు. అమ్మా, అది చదివి ఆ వేళ డ్యూటీకి వెళ్లలేకపోయాను. క్రేన్ ఎక్కనన్నది నా జీవితంలో అదే మొదలు.

సరే, నువ్వు చెప్పావు కదా, వెళ్లాను. క్షమాపణకి కాదు. మా అత్తని వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె ముందే డాక్టరమ్మని అడిగాను. నేను భయపడ్డందుకే పోయిందా, అవునో కాదో చెప్పండి అని. "చూడండి, ఎన్నో కారణాలుంటాయి..." అని మొదలుపెట్టింది. అవునా, కాదా? అన్నాను. ఆమె కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, "కాదు. అలా చెప్పలేం" అంది. మరి వరండాలో ఎందుకు చెప్పారు? అంటే, బెల్లు కొట్టి తరవాతి పేషెంటుని పిలిచింది.

ఆటో గోల్‌మురి మార్కెట్ దగ్గరికొచ్చాక మా అత్త గట్టిగా నిట్టూర్చింది.

"ఆ ముక్క డాక్టరమ్మ ముందే సెప్పొచ్చు గదేటి? నానిప్పుడు ఏటి సేత్తాను? అందరికీ సెప్పీసినాను గదే!"

కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది. ఎవరెవరికి చెప్పావో వాళ్లందరి గుమ్మాలూ మళ్లీ ఎక్కి కాదని చెప్పు అన్నాను. పాపం, ఆ మోకాళ్లతోనే ఎక్కింది.

తనుశ్రీని మాత్రం నేనేమీ అనను. ఆ పిల్ల తనంతట తానే వచ్చి, "దీదీ, మీకు భయం వెయ్యని చోటు ఏది?" అని అడిగింది. క్రేన్ మీద, అన్నాను. ముందు నవ్వింది, తరవాత కూర్చుని అన్నీ అడిగింది. కళ్లజోడు పక్కన పెట్టేసి, కళ్లు తెరుచుకునే వినేలా మాటలు తయారుచేసింది. నిచ్చెన ఎక్కుతున్నాను, క్యాబిన్ అద్దం తుడుస్తున్నాను, కింద షెడ్డంతా కనబడుతోంది, అని. నర్సు ముట్టుకునే ముందు చెయ్యెత్తి చూపించాలని ఆస్పత్రివాళ్లని ఒప్పించింది. ఈ మాట మొదటిసారే అడిగి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? అందరికీ ఒకే సముద్రం పోసెయ్యడమేనా వైద్యం?

ఇప్పుడు ఇంతసేపు దాచిన మాట చెబుతాను. గట్టిగా అరవకు, పైడమ్మ పిన్ని వచ్చేస్తుంది. రెండోసారి పిండం పెట్టడం అయిపోయింది. నిలిచింది. నిన్న స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాం. మీ అల్లుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, అత్తకి కూడా ఇంకా చెప్పలేదు.

ఆస్పత్రివాళ్ల సిగ్గులేనితనం విన్నావా? ఆ కళ్లజోడు పెట్టుకుని నవ్వుతూ ఫోటో దిగమన్నారు, బోర్డు మీద వేసుకుంటారట, భయం లేని మాతృత్వం అని! ఎవరికి లేదు భయం? తనుశ్రీ మాటలతో ఊపిరి కాస్త కుదురుకుంది, నిజమే. కానీ కాళ్లు మొదటి నుంచి చివరిదాకా వణుకుతూనే ఉన్నాయి. నర్సు పట్టుకోవలసి వచ్చింది. అంత భయంలోనే నిలిచింది అమ్మా. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా భయమే.

నీ ఉత్తరం చివర "నాకు తెలిసే చెబుతున్నాను" అని రాశావు. మొదట చదివినప్పుడు ఒళ్లు మండింది. తరవాత అర్థమైంది. నాకంటే ముందు ఇద్దరు నీ కడుపులోనే పోయారు. తుఫాను గాలికి నువ్వు దడుచుకోబట్టే పోయారని నాయనమ్మ అందని ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పావు. ఆ మాట నిజమనుకునే ఇన్నాళ్లూ బతికావా? ఎవరూ కాదనలేదా? నాన్న కూడా కాదనలేదా? తలుచుకుంటే ఆ డాక్టరమ్మ మీద కంటే వీళ్లందరి మీద ఎక్కువ కోపం వస్తోంది.

అందుకే నిన్న స్కాన్ అయ్యాక నీ గురించి కూడా అడిగాను. తుఫాను సంగతి, నాయనమ్మ మాట, అన్నీ చెప్పాను. డాక్టరమ్మ ఈసారి పెన్నుతో ఆడలేదు. "దడుచుకుంటే పిల్లలు పోరు. మీ అమ్మ వల్ల పోలేదు. ఆవిడకి చెప్పండి" అంది.

చెబుతున్నాను. నీ వల్ల పోలేదు.

ఇట్లు,
నీ మూడో బిడ్డ
ఇంద్రాణి